పదకొండు నిమిషాల గోళం

సౌదీలో ఆ రాడార్ కేంద్రానికి మే నెలలో చేరాను. జుబైల్ నుంచి జీపులో నాలుగు గంటలు. చుట్టూ ఇసుక, నలభై ఏడు డిగ్రీల ఎండ. పదిహేడేళ్ల ఫౌజు తర్వాత కాంట్రాక్టు ఉద్యోగం. యూనిఫాం విప్పాను గానీ, నాలోని హవల్దారు మాత్రం దిగిపోలేదు.

మా పని చెబితే మీరు నవ్వుతారు. అర్ధ శతాబ్దం కిందట ఏదో సైన్యం పైకి పంపిన లోహపు గోళం ఇంకా భూమి చుట్టూ తిరుగుతోంది. అందులో బ్యాటరీ లేదు, యంత్రం లేదు. దాని కొలత మాకు తెలుసు. రాడార్ వేరే కొలత చూపిస్తే తప్పు రాడార్‌దే, సరిచేస్తాం. అది మా మీదుగా పోయే పదకొండు నిమిషాలూ ఎవరూ చోటు కదలకూడదు. ఫోన్లు గేటు దగ్గర పెట్టెలో ఉంటాయి. కబురేదైనా షిఫ్ట్ ఇన్‌చార్జికే చెప్పాలి. ఆ ఇన్‌చార్జిని నేనే.

యాంటెన్నా ఫిట్టర్‌ది ప్రొద్దుటూరు, ఫౌజులో నాయక్‌గా చేసినవాడు. భార్య కిడ్నీలు పాడై ఆస్పత్రిలో ఉంది. సెలవు మీద ఇంటికెళ్లి రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ కాగితం చేతికొచ్చింది, గురువారం విమానం.

ఆ మంగళవారం 14:40కి గోళం వచ్చింది. అంతకుముందు రెండుసార్లు యాంటెన్నా మోటారు ఇరుక్కుని పని చెడింది. అందుకే ఫిట్టర్‌ని మోటారు పక్కనే నిలబెట్టాను. 14:41కి నా వాకీటాకీలో గేటు కాపలా కరీంనగర్ ఆయన గొంతు.

"సార్, ఫిట్టర్ ఇంటికెల్లి ఫోను. ఆయన పెండ్లాం మాట్లాడుతదట. పాణం బాగలేదట, జల్ది పంపుండ్రి."

"పది నిమిషాలు ఆగమను," అన్నాను. నా నోరు పడిపోను!

మోటారు ఈసారి ఒక్కసారి కూడా ఆగలేదు. అతను అక్కడ లేకపోయినా నడిచేది. కొలత సరిపోయింది. 14:51కి అతనికి చెప్పాను. మెట్లు దూకి పరుగెత్తాడు, వెనకే నేను. ఫోన్లో అతని మరదలు ఏడుస్తోంది.

"అక్క ఇప్పుడే పాయ బావా. నీ గొంతు వినాలని అడుగుతానే ఉణ్ణింది. యాడుంటివి?"

నేను నిజం ఒప్పుకున్నాను. "డ్యూటీ గదా సార్," అన్నాడు. చెంప పగలగొట్టి ఉంటే బాగుండేది.

ఏడాదికి కాంట్రాక్టు ముగిసి కడప చేరాను. గంటన్నర దూరం ప్రొద్దుటూరు. బస్టాండు దాకా రెండుసార్లు వెళ్లి తిరిగొచ్చాను. అతనికి ముఖం చూపలేను. ఆ రోజు ఆ మాట విన్నాక అతను గేటు దగ్గర ఇసుకలో కూలబడి, మరదలితో, "ఫోను దాని చెవికాడ పెట్టు పాపా," అన్నాడు.

తర్వాత గొంతు సవరించుకున్నాడు. "నేనేమే. తిన్నావా?" అని అడిగి, జవాబు కోసం ఆగాడు.