కోతల పండగ వేలంలో బందరు లడ్డు

ఫోన్లో వచ్చిందల్లా దేవుని వాక్యంతో సమానమని జనం నమ్మడం అప్పుడప్పుడే మొదలైన రోజులవి. నేను బందరులో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదువుతూ, కణం గురించి నాకు తెలిసినంత దివిసీమలో ఇంకెవరికీ తెలియదని నమ్ముతుండేదాన్ని. (మార్కులు మాత్రం ఆ నమ్మకాన్ని ఎన్నడూ బలపరచలేదు.) ఆ ఏడాదే అవనిగడ్డ దగ్గర మా ఊళ్ళో ఉండే మేనత్తకి క్యాన్సర్ అని తేలింది. ఇంజక్షన్లు మొదలయ్యాక మనిషి సగమైపోయింది. "బరువు ఇంకా తగ్గితే వచ్చే ఇంజక్షన్ ఆపాల్సి వస్తుంది. ఏది సహిస్తే అది పెట్టండి" అన్నారు డాక్టరు గారు.

అత్తయ్యకి ఇష్టమని శనివారం బందరు లడ్డు డబ్బాతో బస్సు దిగాను. గుమ్మంలోనే బావ, అంటే అత్తయ్య కొడుకు, దాన్ని లాక్కున్నాడు. బావ మా చర్చి సంఘంలో పెద్ద. భోజనానికి ముందు ప్రార్థన మొదలెడితే ఆమెన్ అనేసరికి కూర చల్లారిపోయేది. "పంచదార క్యాన్సర్‌కి మేత! కణంలో మైటోకాండ్రియా అని పొయ్యి ఉంటుందంట. క్యాన్సర్ కణంలో అది పాడైపోయి ఒట్టి పంచదార మీదే బతుకుతుందంట. మనం మానేస్తే అదే మాడి చస్తుంది. ఫోన్లో వచ్చింది" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మైటోకాండ్రియా గురించి నాకు చెబుతాడా! "పొయ్యి పాడైందని ఎవరన్నారు బావా? చాలా క్యాన్సర్లలో అది మండుతూనే ఉంటుంది. క్యాన్సర్ కణం చక్కెర ఆబగా తింటుంది, నిజమే. అది చాలకపోతే కొవ్వు తింటుంది, మాంసకృత్తులు తింటుంది. నువ్వు పెట్టకపోతే అత్తయ్య ఒళ్ళే కండ కరిగించి చక్కెర తయారు చేస్తుంది. మాడేది అది కాదు, అత్తయ్య!" అన్నాను. "నీకు విశ్వాసం తక్కువే" అన్నాడు బావ. విశ్వాసమా! సండే స్కూల్లో కంఠత వాక్యాల బహుమతి ఏటా నాదే. "చనిపోయిన పిల్లని లేపాక ప్రభువేమన్నాడు? తినడానికేమైనా పెట్టమన్నాడు. ఉపవాసం ఉంచమన్నాడా?" అని నిలదీశాను. బావ డబ్బాని వెనక్కి దాచుకుని, "లడ్డు పెట్టమని లేదుగా" అన్నాడు.

పైగా, తిండి పారేయడం పాపమని, నా డబ్బాని మర్నాడు చర్చిలో జరిగే కోతల పండగ కానుకల్లో పెట్టేశాడు! మంచం మీద అత్తయ్య డబ్బా వెళ్ళినవైపే చూస్తోంది. పక్కన తీపిలేని రాగిజావ గ్లాసు తొరక కట్టి ఉంది.

మర్నాడు ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో కానుకల వేలం. వేలం వేసేది బావే. గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్ళు కట్టిన కోడిపుంజు అయ్యాక నా డబ్బా ఎత్తి, "దేవునికిచ్చిన కానుక! పాడండి!" అని అరిచాడు. ఆడవాళ్ళ వరసలోంచి ఓ సన్నటి చెయ్యి లేచింది. అత్తయ్య! "అమ్మా, నువ్వు కూర్చో." "ఎందుకురా? పాడుకోవడానికి విశ్వాసం ఉంటే చాలదా, బరువు కూడా చూస్తారా?" జనం గొల్లుమన్నారు. పాట పెంచబోయిన పాస్టరమ్మగారు అత్తయ్య వైపు చూసి, ఎత్తిన చేత్తోనే చెంగు సర్దుకున్నారు. బావ ఒకటోసారి, రెండోసారి అని ఎంత సాగదీసినా ఇంకెవరూ పాడలేదు. ప్రార్థన చేసి బల్ల మీద పెట్టినదాన్ని విషమనడానికి అతనికి నోరు రాలేదు. మూడోసారి అనక తప్పలేదు.

అత్తయ్య అక్కడే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, నోరు పూసి ఉందేమో, చిన్న చిన్న ముక్కలుగా తుంచుకుని సగం లడ్డు తింది. మిగతా సగం బావ చేతిలో పెట్టి, "తినరా. నాకోసం నువ్వూ పంచదార మానేశావుగా" అంది. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. బావ లడ్డు తింటూ ఏడ్చాడు. బావ మీద కోపం ఎటో పోయింది గానీ, ఆ మెసేజ్ రాసినవాడి మీద రెట్టింపయింది. వాడెక్కడో హాయిగా పంచదార టీ తాగుతూ ఉంటాడు!

లడ్డు క్యాన్సర్‌ని నయం చేయలేదు. కానీ ఆ రోజు నుంచి ఇంట్లో అత్తయ్య అడిగిందల్లా పెట్టారు. బరువు నిలిచింది, ఇంజక్షన్ ఆగలేదు. ఆ తర్వాత ఆవిడ చాలా కోతల పండగలు చూసింది.

ఇప్పుడు ఆవిడ లేదు. గుడివాడలో పాఠాలు చెప్పుకుంటున్న నాకు షుగరొచ్చింది, డాక్టరు గారు లడ్డు వద్దన్నారు. (ఆయన మాట వింటాను. ఆయన ఫోన్లో రాలేదు.) అయినా ఏటా కోతల పండగకి లడ్డు డబ్బా కానుకగా పట్టుకుని ఊరెళ్తాను. వేలంలో నెరిసిన జుట్టుతో బావ ఆ డబ్బా ఎత్తగానే చెయ్యెత్తుతాను. ఎదురు పాడేవాళ్ళెవరూ ఉండరు. నా పాట మీద నేనే పెంచుకుంటూ పోతాను.