తోడల్లుడితో భోజనాలు

మా మావయ్యగారు పెరట్లో నాచు మీద కాలు జారి పడితే తుంటి ఎముక విరిగింది. తణుకులో చూసిన డాక్టరు ఆపరేషను తప్పదని చెప్పి రాజమండ్రి పంపించేశాడు. ఆయనకు కొడుకులు లేరు. అత్తయ్యగారు పోయి చాలాకాలమైంది. ఇద్దరు కూతుళ్ళలో చిన్నది నా భార్య. అప్పటికి తనకు ఏడో నెల, ప్రయాణాలు వద్దన్నారు. పెద్దామె విశాఖపట్నంలో కూతురి ప్రవేశ పరీక్షల హడావిడిలో ఉంది. అందువల్ల ఆసుపత్రి బాధ్యత అల్లుళ్ళ మీద పడింది. నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. వేసవి సెలవులు కాబట్టి తప్పించుకునే దారి లేదు. నా తోడల్లుడు బ్యాంకులో ఆఫీసరు. సెలవు పెట్టుకుని వచ్చాడు.

ఆయనంటే నాకు పెళ్ళినాటి నుంచీ పడదు. మా పెళ్ళి భోజనాల్లో కోడికూర నోట్లో పెట్టుకుని, పక్కనే నిలబడి వడ్డిస్తున్న మా నాన్నతో, "వంటవాడికి ఎంతిచ్చారో గానీ వెనక్కి తీసుకోండి" అన్నాడు. పంక్తిలో అందరూ విన్నారు. మా నాన్న నవ్వి ఊరుకున్నాడు గానీ ఆ సాయంత్రం అన్నం ముట్టలేదు.

ఆసుపత్రిలో తిండివేళకు వార్డులో ఎవరినీ ఉండనిచ్చేవారు కాదు. సిస్టరు వచ్చి, "వెళ్ళి తినేసి రండి సార్, పెద్దాయన్ని కాసేపు పడుకోనివ్వండి" అని ఇద్దర్నీ బయటికి పంపేసేది. ఎవరికి వాళ్ళం తినేసి వస్తే సరిపోయేది. మావయ్యగారు ఒప్పుకోలేదు.

"ఇద్దరూ కలిసి తినండి బాబూ. కొడుకులైనా అల్లుళ్ళైనా నాకు మీరే. చిన్నల్లుడుగారు ఇక్కడే బీఈడీ చదివారు, ఊరంతా తెలుసు. పెద్దల్లుడుగారికి మంచి హోటళ్ళు చూపించండి" అన్నారు మంచం మీంచి.

మొదట ఆసుపత్రి వెనక సందులో ఉన్న టిఫిన్ సెంటరుకు తీసుకెళ్ళాను. అక్కడ పెసరట్టు ఉప్మాని జనం రోడ్డు మీద నిలబడైనా తింటారు. మాకు లోపల బల్ల దొరికింది. ప్లేటు ముందుకు రాగానే ఆయన కళ్ళు మూసుకుని తల వంచాడు. మావి లూథరన్ కుటుంబాలే, ప్రార్థన నాకూ అలవాటే. నాది రెండు మాటల్లో అయిపోతుంది. ఆయనది పొడుగు. ఆహారం దయచేసినందుకు స్తోత్రం చెప్పి, వండిన చేతుల్ని దీవించమని కూడా అడిగేవాడు. కళ్ళు తెరిచాక ఆ చేతుల పని పట్టేవాడు.

వేలికొసతో అట్టు అంచు ఎత్తి కింద ఏముందో చూశాడు. అల్లం ముక్కలు, పచ్చిమిరపకాయ ముక్కలు ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టాడు. ఉప్మాలో జీడిపప్పు లేదన్నాడు. నేను ఒకటి చూపిస్తే అది పుచ్చిందన్నాడు.

"ఇది పెసరట్టా తమ్ముడూ? మినప్పిండి కలిపేశాడు. అడుగు వాణ్ణి."

"మీరే అడగండి అన్నయ్యగారూ."

అడిగాడు. సర్వరు పెద్దవాడు, చెమటతో చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. "లేదండి బాబూ, ఒట్టి పెసలేనండి" అన్నాడు.

"నాకు చెప్పకు. మీ ఓనర్ని పిలు."

ఓనరు వచ్చాడు. ఇంకో అట్టు వేయించాడు. దాన్ని కూడా ఈయన సగం తిని వదిలేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఆయన్ని కాదు, నన్ను చూస్తున్నారు. వెంటబెట్టుకొచ్చినవాణ్ణి నేనే కదా.

తర్వాత మెయిన్ రోడ్డు మీద ఏసీ భోజన హోటల్. అక్కడ గ్లాసును జేబురుమాలుతో తుడిచి, వెలుగుకు ఎత్తి చూసి, తన సీసాలోంచి నీళ్ళు పోసుకున్నాడు. సాంబారు తియ్యగా ఉందన్నాడు. అన్నం మెతుకు వేళ్ళ మధ్య నలిపి, ఇవి కొత్త బియ్యం, కడుపులో నొప్పి వస్తుందన్నాడు. చివరికి పెరుగు తెప్పించుకుని, అది పులిసిందని చెప్పి, బయట బండి మీద అరటిపళ్ళు కొనుక్కుని తిన్నాడు. గోదావరి గట్టు దగ్గర బిర్యానీ తింటే ముక్కలన్నీ విడదీసి, ఎముకలు లెక్కపెట్టినంత పని చేశాడు. ఎక్కడా ఒక్క పదార్థాన్ని కూడా బాగుందని ఒప్పుకోలేదు. ఆయనకు ఒంట్లో ఏదైనా జబ్బు ఉందా, పథ్యమా అని నా భార్యను ఫోనులో అడిగాను. "జబ్బా పాడా, బావగారు ముందు నుంచీ అంతే" అంది.

తినకపోతే మానేశాడులే అని నేను సర్దుకునేవాణ్ణే. అసలు బాధ ఆసుపత్రికి తిరిగొచ్చాక మొదలయ్యేది. మావయ్యగారికి ఉప్పూ కారం తగ్గించి జావ, ఇడ్లీ, మెత్తని అన్నం పెడుతున్నారు. ఆయన భోజనప్రియుడు. మేం తలుపు తీయగానే, "ఏం తిన్నారండీ? ఎలా ఉంది?" అని దిండు మీద కాస్త పైకి జరిగేవారు. వినడంలోనే ఆయనకు సగం భోజనం అయ్యేది.

"పెంట మావయ్యగారూ. కుక్క కూడా ముట్టదు" అనేవాడు తోడల్లుడు.

"పెసరట్టు మాత్రం కరకరలాడుతూ..." అని నేను మొదలుపెడితే మధ్యలోనే అందుకునేవాడు. "తమ్ముడికి రుచి తెలీదండి. ఏది పెడితే అది తింటాడు, పాపం."

పెద్దాయన మొహం చిన్నబోయేది. మళ్ళీ దిండు మీదకు వాలి గోడ వైపు తిరిగేవారు. పెద్దల్లుడి మాట మీద ఆయనకు గురి ఎక్కువ. నేను చెప్పబోయింది వినడానికి మళ్ళీ అడిగేవారు కాదు. అది చూసిన ప్రతిసారీ నాకు పళ్ళు కొరుక్కోవాలనిపించేది.

బీఈడీ రోజుల్లో నేను భోంచేసిన మెస్సు ఒకటి ఉంది. బోర్డు కూడా లేని ఇల్లు. వరండాలో బల్లలు, అరిటాకులు. ఒకావిడ, ఆవిడ చెల్లెలు కలిసి నడుపుతారు, డబ్బులు ముందే తీసుకుంటారు. ఈయన్ని అక్కడికి తీసుకెళ్ళకూడదని మొదటిరోజే అనుకున్నాను. కానీ ఒకరోజు ఊళ్ళో బంద్. హోటళ్ళన్నీ షట్టర్లు దించేశాయి. ఎండలో రెండు వీధులు తిరిగాక ఆయన, "ఇంత పెద్ద ఊళ్ళో చదివావు, తిండి పెట్టే ఇల్లు ఒక్కటి తెలీదా?" అన్నాడు. రోషం వచ్చింది. తీసుకెళ్ళాను.

ఆవిడ నన్ను చూసి నిమిషం ఆగి, "బీఈడీ బాబు కాదండీ మీరు! ఎన్నాళ్ళకండీ!" అంది. జుట్టు తెల్లబడింది. గొంతు మారలేదు. మా మావయ్యగారి సంగతి చెబితే నొచ్చుకుంది. "కూర్చోండి, కూర్చోండి. ఇవ్వాళ బొమ్మిడాయిల పులుసండి" అని స్వయంగా ఆకులు వేసింది.

ముద్దపప్పు, వంకాయ కూర, తర్వాత పులుసు. బొమ్మిడాయి మా గోదావరి చేప, పాములా సన్నగా పొడుగ్గా ఉంటుంది. మామిడికాయ వేసి వండితే ఆ వాసనకే ఆకలి పుడుతుంది. నేను కలుపుకుని నాలుగు ముద్దలు తినేసరికి ఆయన ప్రార్థన ముగిసింది. ఆకు మీదకు వంగి వాసన చూశాడు. ముక్క చిదిమి చూశాడు.

"ఏవమ్మా, ఇది ఏ నూనె?"

"వేరుశెనగ నూనేనండి."

"అదే నూనె ఎన్నిసార్లు మరిగించారు?"

ఆవిడ నా వైపు చూసింది. నేను తల దించుకుని తింటున్నాను. "పులుసుకి మరిగించిన నూనె ఎందుకు పోస్తామండి" అంది ఆవిడ నెమ్మదిగా.

"వంటిల్లు చూడొచ్చా?"

"భోంచేసి చూడండి బాబూ. తలుపు మూసుకుని ఏం కూర్చోలేదు."

అక్కడితో ఆగితే బాగుండేది. పక్క బల్ల దగ్గర నలుగురు కుర్రాళ్ళు, ఏదో కోచింగ్ పిల్లలు, ఆవురావురుమని తింటున్నారు. ఈయన వాళ్ళ వైపు తిరిగి గట్టిగా, "బాబూ, ఈ చేప ముట్టకండి. ఐసులో రోజులకు రోజులు పెట్టింది. వాంతులౌతాయి" అన్నాడు. వాళ్ళ చేతులు ఆకుల మీదే ఆగిపోయాయి.

ఆవిడ పులుసు గిన్నె కింద పెట్టింది. వచ్చి ఆయన ముందున్న ఆకును అన్నంతో సహా మడిచి చేతిలోకి తీసుకుంది.

"లేవండి."

"ఏంటి?"

"లేవండి బాబూ. పొద్దున్న నేనే వెళ్ళి బతికున్న చేప తెచ్చుకున్నాను. నా ఇంట్లో కూర్చుని నా అన్నానికి వంక పెట్టారు, సరే. తింటున్న పిల్లల చేత మాన్పించారు. ఇంక మీకు వడ్డించను. మీ డబ్బులు మా చెల్లెలు ఇచ్చేస్తుంది, పట్టుకెళ్ళండి."

ఆయన మొహం కందగడ్డలా అయింది. లేచి నిలబడి నా వైపు చూశాడు. నేనూ లేవాలని ఆ చూపు. పెద్దవాడు అవమానపడి లేస్తే చిన్నవాడు కూర్చోకూడదు. మా ఇళ్ళల్లో అది ఎవరూ నేర్పకుండానే తెలిసే విషయం. నాకూ తెలుసు.

"అమ్మా, ఇంకొంచెం పులుసు వెయ్యండి" అన్నాను.

"ఆయ్, అలాగేనండి" అంది ఆవిడ.

ఆయన బయటికి వెళ్ళిపోయాడు. వరండా కటకటాల్లోంచి కనబడుతూనే ఉన్నాడు, గోడ నీడ కూడా లేని చోట, రుమాలు తల మీద వేసుకుని. కుర్రాళ్ళు మళ్ళీ తినడం మొదలుపెట్టారు. నేను పులుసన్నం, మజ్జిగన్నం, నిదానంగా, వేళ్ళు నాకుతూ తిన్నాను. తొందరపడవలసిన పని ఏముంది?

బయటికి రాగానే మీద పడ్డాడు. "నా పరువు తీశావు."

"మీ పరువు మీరే ఆకులో పెట్టి ఇచ్చారండి."

"నేనెవర్నో తెలుసా దానికి?"

"దానికి ఏంటండీ? ఆవిడకి అనండి. మీరెవరో తెలిస్తే మొదటే ఆకు వేసేది కాదు. మా నాన్న వేశాడు, అదీ తేడా."

ఆ మాట ఆయనకు అర్థం కాలేదు. మా పెళ్ళిలో అన్నది గుర్తే లేదు. అది చూస్తే నాకు ఇంకా మండింది. ఇన్నేళ్ళూ నేను మోస్తున్నదాన్ని ఆయన అప్పుడే అక్కడే పారేసి వెళ్ళిపోయాడన్నమాట.

"నీకొకటి చెప్పనా," అన్నాడు గొంతు తగ్గించి. "నాకు నచ్చకపోతే నచ్చలేదని చెప్తాను. నువ్వు చెప్పవు. స్కూల్లో హెడ్మాస్టరు ఏమన్నా పడతావు, ఇంట్లో మీ ఆవిడ ఏమన్నా పడతావు, హోటల్లో ఏం పెట్టినా తింటావు. ఇవ్వాళ కూడా నీ అంతట నువ్వు ఒక్క మాట అనలేదు. ఎవరో ఆడమనిషి అంటే దాని చాటున కూర్చుని తిన్నావు."

ఆయన ముందుకు నడిచి వెళ్ళిపోయాడు. ఆ మాట గుచ్చుకోలేదని అబద్ధం చెప్పను. గుచ్చుకుంది కాబట్టే ఆయనంటే నాకు ఇంకా అసహ్యం పెరిగింది.

నేను వార్డుకు వెళ్ళేసరికి ఆయన చెప్పవలసిందంతా చెప్పేశాడు. మావయ్యగారు నన్ను దగ్గరికి పిలిచారు. "తప్పండి అల్లుడుగారూ. పెద్దల్లుడుగారు లేచినప్పుడు మీరూ లేచేయాలి కదండీ. బయటివాళ్ళ ముందు ఇంటి మనిషిని వదిలేస్తారా?"

"ఆయన ఏమన్నారో అడిగారాండీ?"

"ఏదైనా అననివ్వండి."

సరేనన్నాను. తోడల్లుడు మందులు తేవడానికి కిందికి వెళ్ళాడు. పెద్దాయన తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "బొమ్మిడాయిలంట కదా. మామిడికాయ వేసిందా?" అన్నారు.

"తెలీదండి. నాకు రుచి తెలీదు కదా" అన్నాను.

ఆయన దిండు మీదకు వాలి గోడ వైపు తిరిగారు. నాకు జాలి కలగలేదు. కూర్చుని పేపరు చదువుకున్నాను.

ఆ తర్వాత డిశ్చార్జి దాకా ఇద్దరం విడివిడిగానే తిన్నాం. నేను రోజూ మెస్సుకు వెళ్ళాను. ఆయన ఆసుపత్రి వరండాలో కూర్చుని బ్రెడ్డు, పళ్ళు తిన్నాడని సిస్టరు చెప్పింది. పెద్దాయన్ని కారెక్కించి తణుకులో దింపాక ఆయన నాకు చెప్పకుండానే విశాఖ వెళ్ళిపోయాడు. ఫోన్లు అక్కచెల్లెళ్ళ మధ్య నడిచాయి. "మీ ఆయన", "మా ఆయన" అని మొదలై, చిన్ననాటి గొడవల దాకా వెళ్ళి, ఏడుపులతో ఆగాయి.

మాకు పాప పుట్టింది. బాప్తిస్మానికి వాళ్ళని పిలవక తప్పలేదు. గుడిలో ఆయన ముందు వరుసలోనే కూర్చున్నాడు, పాప చేతిలో కవరు పెట్టాడు, అందరితో నవ్వుతూ మాట్లాడాడు. ఇంటి దగ్గర షామియానా కింద పాస్టరు గారు ప్రార్థన చేసి భోజనాలు మొదలయ్యాయి. వదినగారు, పిల్ల కూర్చున్నారు. ఆయన మాత్రం, "నాకు వద్దు, దారిలో తినేశాను" అని కారులో ఏసీ వేసుకుని కూర్చున్నాడు.

నా భార్య పాపను భుజాన వేసుకుని వచ్చింది. "ఒక్కసారి వెళ్ళి బతిమాలండి. పెద్దల్లుడు తినకుండా వెళ్తే నాన్న బాధపడతారు. ఒక్క మాట అంటే మీ సొమ్మేం పోయింది?"

వెళ్ళాను. ఆయన అద్దం దించాడు. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. నేనేమంటానో అని ఆయన ఎదురుచూస్తున్నాడు. ఒకసారి భోజనానికి రమ్మంటే దిగేవాడనే నా నమ్మకం.

"హైవే మీద లారీలు ఎక్కువండి అన్నయ్యగారూ. చీకటి పడకముందే బయల్దేరండి" అన్నాను.

అద్దం పైకి లేచింది. నేను వచ్చి రెండో బంతిలో కూర్చుని కడుపునిండా తిన్నాను. నా భార్య మర్నాటి దాకా నాతో మాట్లాడలేదు.