మాస్టారు పేజీ తిప్పేముందు

కోటబొమ్మాళి బజారులో వాన వెలిశాక ఏ బియ్యం కొట్టు ముందు నిలబడినా తడిసిన గోనెసంచి వాసన వస్తుంది; ఆ వాసనకు అందరికీ బియ్యం గుర్తుకొస్తే నాకు మాత్రం నాలుగో తరగతి గుర్తుకొస్తుంది. మా బడిలో పిల్లలకు బల్లల్లేవు. ఎవరి గోనె వాళ్ళం చంకన పెట్టుకెళ్ళి, వానాకాలమంతా దాని పీచు తొడలకు గుచ్చుకుంటుంటే ఒక చేత్తో గోక్కుంటూ, రెండో చేత్తో జేబులోని ఉడికించిన వేరుశనక్కాయల్ని చప్పుడు కాకుండా ఒలుచుకుంటూ, మిగిలిన శ్రద్ధతో చదువుకున్నాం.

ఆ ఏడాది మాస్టారు ఎక్కడినుంచో ఒక పిల్లల నవల తెచ్చారు. ముప్పైమందికి ఒకటే పుస్తకం. ఒక కుర్రాడూ, వాడి మేకపిల్లా ఇల్లు వదిలి దేశం మీద పడతారు, అదీ కథ. రోజూ సాయంత్రం కాస్త చదివి, సరిగ్గా ఏదో జరగబోతుందనగా పేజీలో వేలు పెట్టి పుస్తకం మూసేవారు.

"ఇప్పుడేటవుతాదో సెప్పండ్రా."

అందరం ఊహించి చెప్పాకే పేజీ తిరిగేది. తప్పు చెప్పినా దెబ్బ పడని ప్రశ్న మా బడి మొత్తానికి అదొక్కటే కాబట్టి మేం ధారాళంగా తప్పులు చెప్పేవాళ్ళం. నా ఊహల్లో ఆ మేకపిల్లను పులి రెండుసార్లు తింది, పలాస వెళ్ళే గూడ్సు ఒకసారి గుద్దింది.

కానీ నేను ఆగలేకపోయాను. ఒక మధ్యాహ్నం అందరూ అన్నాలకు ఇళ్ళకు పోతే, మాస్టారి సొరుగులోంచి పుస్తకం తీసి చివరిదాకా చదివేశాను. పదో అధ్యాయంలో మేకపిల్ల జబ్బుచేసి చచ్చిపోతుంది. ఆనాటినుంచి నా జవాబులన్నీ ఒప్పవడం మొదలైంది. అది నాకు బొత్తిగా అలవాటు లేని పని కనక మాస్టారికి మూడు రోజుల్లో అర్థమైపోయింది. కొట్టలేదు.

"సదివీసినావు కదా. అయిపోయేదాకా ఇంక నోరిప్పకు" అన్నారు. కొట్టి ఉంటేనే బాగుండేది.

నా పక్క గోనె మీద రవణమ్మ కూర్చునేది. వాళ్ళింట్లో మేకపిల్ల నాలుగు రోజులుగా మేత ముట్టడం లేదు. ఇంటికి పోతుంటే గట్టు మీద నన్ను ఆపింది.

"ఒరే, నీకు తెల్సు కదా. పుస్తకంలోది బతుకుతాదేట్రా?"

"బతుకుతాదే" అన్నాను. దాని ముఖం చూస్తూ ఇంకో జవాబు చెప్పేంత చదువు నాకింకా రాలేదు.

మర్నాడు పదో అధ్యాయం. మాస్టారు పుస్తకం మూయగానే రవణమ్మ లేచింది.

"మాది పొద్దున్న సచ్చిపోనాదండి. ఇది బతుకుతాదండి. ఈడు సెప్పినాడు."

మాస్టారు నావైపు చూశారు. నేను గోనె పీచు లెక్కపెడుతున్నాను. ఆయన పేజీ తిప్పి చాలాసేపు దానివైపే చూసి, "మేకపిల్ల మెల్లగా లేచి నిలబడింది" అని చదివారు.

ఇంకా ఆరు అధ్యాయాలున్నాయి. పాపం, ఆయన దాన్ని పడవెక్కించారు, రైలెక్కించారు, ఒక పెళ్ళి భోజనాల దగ్గర ఎంగిలి విస్తళ్ళు మేయించారు. ఒకరోజు దాన్ని కలపడం మరిచిపోతే రవణమ్మ వెంటనే, "మేకపిల్లేదండి?" అంది.

మాస్టారు చెమట తుడుచుకుని, "బల్ల కింద తొంగున్నాదే, లేపకు" అన్నారు.

ఇప్పుడు ఆ బడి పక్కూరి బడిలో కలిసిపోయింది. మాస్టారు లేరు. రవణమ్మ కొత్తవలసలో ఉంటోంది. ఆ మధ్య ఫోన్ చేసి, "ఒరే, ఆ మేకపిల్ల పుస్తకం దొరికితే ఓటి అట్టుకురా, మా పిల్లకి సదివి సెప్తాను" అంది. విజయనగరంలో పాత పుస్తకాల కొట్టులో దొరికింది. నిలబడే తిరగేశాను. పదో అధ్యాయం తర్వాత కుర్రాడు పడవలోనూ ఒక్కడే, రైల్లోనూ ఒక్కడే.

రెండు నెలలుగా పుస్తకం నా బీరువాలో ఉంది. నిన్న రవణమ్మ మళ్ళీ అడిగింది.

"ఎక్కడా దొరకట్లేదే" అన్నాను.