వెంకటప్పయ్య తుంటికి ఎంచుకున్న గుండు

మా తమ్ముడు వెంకటప్పయ్య మంచివాడని మా ఊరు దుర్గిలో ఎవరైనా అన్నారంటే, వాళ్లు అతనితో ఒక్క పూట కూడా గడపలేదన్నమాట. యాభై ఏళ్లుగా నేల మీద కూర్చుని, మోకాలు మడిచి, రాయిని పాదంతో అదిమిపట్టి బొమ్మలు చెక్కాడు. ఆ కూర్చోవడమే తన విద్య అనుకుంటాడు.

పోయిన ఏడాది కుడి తుంటి అరిగిపోయింది. అతని నోటికి జడిసి ఎవరూ వెంట రాలేదు. అక్కని, పైగా పక్కింట్లోనే ఉంటాను కాబట్టి నరసరావుపేట ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను.

అరిగిన తొడ ఎముక తల తీసేసి గుండు పెట్టాలన్నాడు డాక్టరు. బల్ల మీద రెండు గుండ్లు ఉంచాడు. ఒకటి తళతళలాడే లోహం, ఇంకోటి తెల్లటి సెరామిక్. రెండూ తుంటిలో అమర్చే ప్లాస్టిక్ గిన్నెలోనే తిరుగుతాయట. సెరామిక్ నునుపెక్కువ, గిన్నెను తక్కువగా అరగదీస్తుందట.

మావాడు జేబులోంచి చిన్న ఉలి తీశాడు. రాయిలో పగులుందేమో తట్టి వినడం శిల్పుల పద్ధతి.

"ఏందయ్యా అది? శాంపిల్ పాడైపోద్ది!" అన్నాడు డాక్టరు.

"మీరు ఎక్స్‌రేతో చూస్తారు, నేను చెవితో చూస్తా. కాసేపు నోరు మూసుకోండి."

సెరామిక్ గుండు ఖంగుమంది. "ఇదే. జీర లేని రాయి ఇట్టాగే పలుకుద్ది," అన్నాడు.

ఆపరేషన్ తర్వాత నేల మీద కూర్చోవద్దని డాక్టరు రెండుసార్లు చెప్పాడు. దారిలో నేనూ గుర్తుచేశాను.

"అది లోహం గుండోళ్లకి అక్కా. నాది రాయి లాంటిది."

"ఒరేయ్, గట్టిదైతే గిన్నెలోంచి జారదా?"

"నువ్వెన్ని బొమ్మలు చెక్కావు, నాకు చెప్పడానికి?"

ఆపరేషనైన మూడో నెలలో నంది చెక్కమని ఒక రాయి వచ్చింది. నేల మీదే కూర్చుని మోకాలు మడిచాడు. అతని కేక గోడ ఇవతలికి వినపడింది. గుండు మీద గీత కూడా పడలేదు. గిన్నెలోంచి జారి పక్కకొచ్చింది, అంతే. డాక్టరు మత్తిచ్చి మళ్లీ లోపలికి తోశాడు.

"ఇంకోసారి నేల మీద కూర్చుంటే నా గడప తొక్కొద్దు," అన్నాడు.

మావాడు నెల రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇక ఉలి పట్టడని ఊరంతా అనుకుంది. నేను వెల్డింగ్ చేసే సుహైల్‌తో నడుమెత్తు ఇనప బల్ల చేయించి, రాయిని దాని మీదికి ఎత్తించాను.

"బల్ల ముందు నిలబడేది వడ్రంగి. చచ్చినా చెక్కను."

"చావు. నువ్వు తరిమేసిన శిష్యుడు కామేశం ఉన్నాడుగా, రాయి వాడికిస్తా."

"వాడికా? వాడికి చెవేదో తోకేదో తెలవదు!"

మూడో రోజు పొద్దున్నే ఉలి చప్పుడు వినపడి వెళ్లాను. చంకలో కర్ర పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏంది చూస్తన్నావ్?"

"నంది మూతి ఎడమకి పోయింది."

"నిలబడితే అట్టానే చస్తది!"

"అయితే సరిచెయ్."

నంది పూర్తయింది. మూతి ఇంకా ఎడమకే ఉంది. ఆ మాట మొహం మీదే చెప్పాను. అప్పటినుంచి నాతో మాట్లాడటం లేదు. నిన్న మాత్రం రెండో రాయిని తనే బల్ల మీదికి ఎత్తించుకున్నాడు.