లిస్బన్‌లో రైలు తప్పించింది నేనే

లిస్బన్‌లో మా బృందమంతా రైలు అందుకోలేకపోవడానికి కారణం నా భార్య కాదు, నేను. మూడేళ్లపాటు ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

ఈద్ సెలవులకు మరో వారం కలుపుకుని దోహా నుంచి ఐదు తెలుగు కుటుంబాలం వెళ్లాం. బయలుదేరేముందు నేనే ఒక నియమం పెట్టాను: అక్కడున్నన్నాళ్లూ ఎవరూ ఆఫీసు ఫోన్ ఎత్తకూడదు. ఆదివారం అక్కడ సెలవు, ఖతార్‌లో డ్యూటీ. ఫోన్లు తప్పవని తెలుసు.

ఆ ఆదివారం సామాను స్టేషన్‌లో పెట్టి, ఎవరికి వారు పాతపేట చూసి, ఒంటిగంటకు మరో ఊరి రైలు కోసం అక్కడే కలవాలి. ఆ పేటంతా కొండవాలు. ఇరుకు మెట్లదారులు, కిటికీల కింద ఆరేసిన దుప్పట్లు, నీలం బొమ్మల పలకలు అతికించిన గోడలు. నా భార్య ఎన్నాళ్లుగానో చూడాలనుకున్న చోటు. ప్రతి గుమ్మం దగ్గరా ఆగి ఆ బొమ్మలను వేలితో తడిమేది.

పన్నెండున్నరకు మా మేనేజరు ఫోన్ చేశాడు. టెండరు కాగితాల్లో ఏదో సందేహమట. ఎవరైనా చూస్తారేమోనని ఒక చర్చి వెనక్కి వెళ్లి మాట్లాడాను. మెట్ల మీద కూర్చున్న ఆమె, “ఏమండీ, టైమవుతోంది” అని రెండుసార్లు పిలిచింది. చేత్తోనే ఆగమన్నాను. నలభై నిమిషాలు పట్టింది.

మేం చేరేసరికి రైలు వెళ్లిపోయింది. మా కోసం ఎక్కకుండా ఆగిపోయిన వాళ్లు పెట్టెల మీద కూర్చుని ఉన్నారు.

“ఏమైంది అన్నయ్యగారూ?” అని ఒకావిడ అడిగింది.

“మీ వదిన టైల్స్ కొట్లో దూరింది. బయటికి వస్తేగా” అనేశాను.

అందరూ నవ్వారు. నా భార్య నలుగురిలో నా మాట కాదనలేదు. హోటల్ గదిలో మాత్రం, “నేనసలు ఏ కొట్లోకీ వెళ్లలేదుగా” అంది.

“సరదాకన్నాను, వదిలెయ్” అన్నాను.

దోహా వచ్చాక ఎవరింట్లో కలిసినా అదే సరదా. తర్వాతి రెండు ప్రయాణాలకూ ఆమె ఏదో సాకు చెప్పింది. మేం వెళ్లలేదు.

పోయిన శుక్రవారం మా ఇంట్లో భోజనాల దగ్గర ప్రాగ్ ప్రయాణం మాట వచ్చింది. కరీంనగర్ మిత్రుడు, “ఈసారి అక్కను దుకాణంలకెళ్లి గుంజుకొచ్చే డ్యూటీ ఎవలది?” అన్నాడు.

“మీరంతా వెళ్లిరండి తమ్ముడూ. నేనొస్తే మళ్లీ అందరికీ ఆలస్యం” అంది ఆమె, పెరుగు వడ్డిస్తూ.

నా అబద్ధం వల్ల ఆమె ఇంకో ఊరు చూడకుండా ఉండిపోకూడదు. ఆ పూట చెప్పకుండా లేవకూడదనుకున్నాను. కలిపిన ముద్ద కంచంలోనే వదిలి, చర్చి వెనక జరిగిందంతా చెప్పాను.

“నియమం పెట్టింది నువ్వే గదనే అన్నా” అన్నాడు మిత్రుడు.

“నేనే.”

“పోనీలెండి, పాత సంగతి” అంది ఒకావిడ.

“పోనివ్వకండి” అని, నా భార్య వైపు తిరిగాను. అందరూ వింటుండగానే అన్నాను: “నా తప్పు నీ మీద వేశాను. మూడేళ్లు వీళ్లందరి చేతా నిన్ను మాట పడనిచ్చాను. నన్ను క్షమించు.”