మందు కొలిచిన చెయ్యి

మొన్న శుక్రవారం పొద్దున ఇక్కడ ఖతార్‌లో ఫరీజ్ బిన్ మహమూద్‌లో మా గది కింద ఉన్న సరుకుల కొట్టుకు బొంబాయి రవ్వ కోసం వెళ్ళాను. కొట్టాయన నా ఈడువాడే. తూకం కాస్త ఎక్కువైందని గరిటెడు రవ్వ వెనక్కి తీసి, నాతో కబుర్లాడుతూనే, అటు చూడకుండా పక్కనున్న ఇడ్లీ రవ్వ డబ్బాలో పోసేశాడు. "అయ్యా, అది ఆ డబ్బాలోది కాదు" అన్నాను. "రెండూ రవ్వే కదా సార్" అని నవ్వాడు. నాకు ఎక్కడ లేని రోత పుట్టింది. కొట్లో ఉన్న నలుగురూ తిరిగి చూసేట్టు అరిచి, సంచీ అక్కడే వదిలేసి వచ్చేశాను. ఆ పూట గదిలో ఎవరికీ ఉప్మా లేదు. అరవైకి దగ్గరపడిన మనిషి గరిటెడు రవ్వ కోసం ఇంత రాద్ధాంతం చేశాడేమిటని గదివాళ్ళు మొహాలు చూసుకున్నారు. వాళ్ళకు చెప్పలేదు. మీకు చెబుతాను.

నేను ప్రొద్దుటూరు వాణ్ణి. డ్రైవింగ్ నాకు రెండో విద్య, మొదటిది తూకం. పదిహేనేళ్ళు మా మేనమామ బంగారు దుకాణంలో తరాజు పట్టాను. ఫ్యాను గాలికి తరాజు కదులుతుందని మే నెలలో కూడా ఫ్యాను ఆపుకొని, చెమటలు కారుతుంటే ఊపిరి బిగబట్టి తూచే పని అది. దుకాణం మూతబడ్డాక హౌస్ డ్రైవర్ వీసా మీద ఖతార్ వచ్చి, ముఐథర్‌లో ఒక పెద్దింట్లో చేరాను. ఇంటి పెద్దాయనను ఇంట్లోవాళ్ళూ పనివాళ్ళూ అందరూ బాబా అనేవారు, నేనూ అలాగే అన్నాను. కారు తోలేవాడికి తూకం తెలుసని ఆయనకెలా తెలిసిందంటే, ఒకసారి ఆయన కోడలి గాజులు తూస్తుంటే "ఫ్యాను ఆపి తూయమనండి బాబా" అని నోరు జారాను. ఆపి తూశారు. తూకం మారింది. ఆ రోజుతో నా పేరు పోయింది. "సాయిగ్" అని పిలవడం మొదలుపెట్టాడు, అరబ్బీలో కంసాలి అని. డ్రైవర్ అని పిలిపించుకోవడం కన్నా అది నాకెంతో బాగుండేది. మనిషిని పాడుచెయ్యడానికి చిన్న గౌరవం చాలు.

అల్ షహానియా అవతల బాబాకు ఒంటెల దొడ్డి ఉండేది. దాని మూలనున్న ఏసీ గదిలో ఆయన తన వేటతుపాకికి తూటాలు సొంతంగా కట్టుకునేవాడు. కాగితాలన్నీ ఉన్నాయనేవాడు. డ్రైవర్ అడిగే సంగతి కాదు కాబట్టి నేనడగలేదు. ఏటా చలికాలంలో ఏదో ఒక దేశానికి కొండమేకల వేటకు వెళ్ళేవాడు. అంగట్లో దొరికే తూటాలుండగా ఈ తిప్పలెందుకని ఎవరైనా అంటే, "అవి అందరి తుపాకుల కోసం చేసినవి, ఇవి నా తుపాకి కోసం" అనేవాడు. పేలిన ఇత్తడి గొట్టాన్ని కడిగి ఆరబెట్టాలి, సాగిన మెడను అచ్చులో పెట్టి సరిచెయ్యాలి, అడుగున నిప్పు ముట్టించే చిన్న బిళ్ళ నొక్కాలి, లోపల మందు పోసి, మూతిలో గుండు పెట్టి మర పిడి నొక్కి మెల్లగా దించాలి. నగ చేసినంత ఓపిక కావాలి. తూకమేమో గ్రెయిన్లలో. గ్రెయినంటే మన గురిగింజలో ఇంచుమించు సగం. బాబా ఆ మాట చెప్పగానే నాకు ప్రాణం లేచివచ్చింది. ఎడారి మధ్యలో నా పాత విద్యకు మళ్ళీ పని దొరికింది.

గుండ్లు ఎంచడం ఒక చదువు. పైన రాగి తొడుగు, లోపల సీసం. మొన సూదిగా ఉంటే దూరం పోతుంది, మొన దగ్గర మెత్తగా ఉంటే తగలగానే విచ్చుకుని జంతువును ఉన్నచోటనే పడేస్తుంది. తొడుగు మరీ గట్టిదైతే ఇటునుంచి అటు దూసుకుపోతుంది, ఆ మేక నెత్తురోడుతూ ఏ రాళ్ళ మధ్యో రెండు రోజులు చస్తుంది. బాబాకు అది మహా అసహ్యం. అట్లా వదిలేసి వచ్చినవాడి పక్కన కూర్చుని భోంచెయ్యనని అనేవాడు. మందు, బాబా మాటలో పౌడర్, ఎంచడం ఇంకా కష్టం. త్వరగా మండే మందు, నిదానంగా మండే మందు అని వేరువేరు. పెద్ద గొట్టానికీ బరువు గుండుకూ నిదానంగా మండేదే పోయాలి, అది గుండును తోస్తుంది. త్వరగా మండేది అందులో పోస్తే తొయ్యదు, బద్దలుకొడుతుంది. చూపుకు మాత్రం రెండూ ఒకటే, విరిచిన నల్ల జీలకర్ర లాగా, నలిపితే తేడా బాబా వేళ్ళకే తెలిసేది. ఏ గుండుకు ఏ మందు ఎంతో పుస్తకంలో చూసుకోవాలి, తక్కువ తూకంతో మొదలుపెట్టాలి, నాలుగు పేల్చి కాగితం మీద చిల్లులు ఎంత దగ్గరగా పడ్డాయో కొలుచుకోవాలి, అప్పుడు గానీ ఇంకో పిసరు పెంచకూడదు. "శ్వయ్ శ్వయ్, సాయిగ్" అనేవాడు, నిదానం నిదానం అని. బల్ల మీద ఎప్పుడూ ఒకటే డబ్బా ఉండాలన్నది ఆయన కట్టడి. పని కాగానే మిగిలిన మందు దాని డబ్బాలోకే పోవాలి, డబ్బా అలమారలోకి పోవాలి. ఏ డబ్బాదో పిసరంత అనుమానం వచ్చినా మొత్తం ఇసకలో పారబోయాలి.

ఆ రోజుల్లోనే ఒకసారి మా ఆవిడ ఫోన్ చేసి ఏం చేస్తున్నావని అడిగితే, "మందు కొలుస్తాండా" అన్నాను ఉన్నమాటే. అవతల ఏడుపు. "కార్లు తోల్తాడనుకుంటే ఆ దేశంలో మందు పోసే పనికి చేరినాడు" అని మా అత్తగారికి చెప్పేసింది. తుపాకి మందని నచ్చజెబితే ఏడుపు ఇంకా పెద్దదైంది. మన భాషలో తాగేదీ మందే, రోగానికి మింగేదీ మందే, పైరుకు కొట్టేదీ మందే. బాబాకు ఇది చెబితే కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

బాబా మోకాళ్ళు పట్టేసి దొడ్డికి రావడం తగ్గించాక ఆయన చిన్న కొడుకు రావడం మొదలైంది, పనివాళ్ళం చిన్నాయన అనేవాళ్ళం. ఆ మనిషిని తలచుకుంటే ఇప్పటికీ నోరు చేదవుతుంది. గుండ్లను బరువు చూసి కాదు, మొనకున్న ప్లాస్టిక్ రంగు చూసి ఎంచేవాడు. ఎర్రటివి కావాలి, ఫోన్ వీడియోలో బాగుంటాయి. అంతకు ముందేడు తాను కొట్టిన ఒక జింక వెనకకాళ్ళు ఈడ్చుకుంటూ పోతున్న వీడియోను పకపకా నవ్వుతూ అందరికీ చూపించేవాడు. నాకూ చూపించాడు. చూసి నేనూ పళ్ళికిలించాను. ఛీ, ఆ పళ్ళు ఇప్పటికీ నా నోట్లోనే ఉన్నాయి.

దొడ్డిలో ఒంటెలు చూసుకోవడానికి అప్పటికి ఆరు నెలల ముందు జగిత్యాల దగ్గరి పల్లె నుంచి ఒకతను వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. నన్ను అన్నా అనేవాడు, నేను మా వైపు మాటలో అబ్బీ అనేవాణ్ణి. హిందీ ఇంకా పట్టుబడలేదు, ఒంటెలతో కూడా తెలుగే. ఊళ్ళో కడుతున్న ఇంటి ఫోటో ఫోన్లో చూపించేవాడు, కిటికీల ఎత్తు దాకా గోడలు లేచి ఆగి ఉన్నాయి. మూడేళ్ళు ఇక్కడ నిలబడితే కప్పు పడుతుందని లెక్క. ఏసీ గది ఊడ్చే పని కూడా అతనిదే. ఒకరోజు, "అన్నా, రూమ్‌ల చీమలు మస్తుగైనయే, ఖర్జూర పండ్ల డబ్బకు పట్టినయ్" అన్నాడు. "అంగట్లో చీమల మందు దొరుకుతాది, తెచ్చి గోడెంబడి పొయ్యి అబ్బీ. బల్ల మాత్రం ముట్టుకోవాకు" అన్నాను. తెచ్చి పోశాడు. బల్ల ముట్టుకోలేదు.

ఆ తర్వాతి శుక్రవారం చిన్నాయన రెండు తుపాకులు తెచ్చాడు. బాబా పెద్ద తుపాకి ఒకటి, తాను కొత్తగా కొన్న చిన్నది ఒకటి. రెంటికీ ఒకేసారి తూటాలు కట్టమన్నాడు. చిన్నదానికి త్వరగా మండే మందు, పెద్దదానికి నిదానంగా మండేది. రెండు డబ్బాలూ తనే తెచ్చి బల్ల మీద పెట్టి మూతలు తీశాడు. "బాబా ఒకటే పెట్టమంటారు" అన్నాను. "బాబా ఇక్కడ మాఫీ. యల్లా, సాయిగ్" అన్నాడు, బాబా ఇక్కడ లేడు, త్వరగా కానియ్యి అని. నేను లేచి రావచ్చు. ఒక డబ్బా తీసి కింద పెట్టనైనా పెట్టవచ్చు. ఏదీ చెయ్యలేదు. చిన్న తుపాకి తూటాలు అయ్యాయి. కొలపాత్రలో సగం దాకా మందు మిగిలింది. వెనకనుంచి యల్లా యల్లా అని చప్పట్లు. పోశాను. పోసిన చెయ్యి వెనక్కి తీస్తుంటే అనుమానం వచ్చింది, ఏ డబ్బాలో పోశానా అని. నిజంగా వచ్చింది. ఇసకలో పారబోయాలి. కానీ ఆ పెద్ద తుపాకి మందు డబ్బా ఆ వారమే తెరిచింది, ఎందుకు పారబోశావని బాబా అడిగితే రెండు డబ్బాలూ బల్ల మీద పెట్టి పనిచేశామని చెప్పుకోవాలి. కంసాలి చెయ్యి తప్పుతుందా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ డబ్బాలోంచే పెద్ద తుపాకి తూటాలకు మందు పోశాను. తూకం మాత్రం వెంట్రుకవాసి తేడా లేకుండా తూచాను.

చిన్నాయన పేల్చిన మొదటి తూటాకే పెద్ద తుపాకి వేరే రకంగా అరిచింది. ఇత్తడి గొట్టం చిట్లి నిప్పు వెనక్కి తన్నింది. చిన్నాయన చెంప చీరుకుపోయింది, కుడిచేతి వేలొకటి విరిగింది. కన్ను దక్కింది. ఆసుపత్రికి కారు తోలుతున్నంతసేపూ వెనక సీట్లో అతను మూలుగుతుంటే, నాకు అతని మీద జాలి కలగలేదు, నా మీద భయం కలిగింది.

మరునాడు మధ్యాహ్నం ముఐథర్ ఇంట్లో మజ్లిస్‌లో అంటే మగవాళ్ళు కూర్చునే పెద్ద గదిలో బాబా అందర్నీ కూర్చోబెట్టాడు. కట్టు కట్టుకుని చిన్నాయన, గుమ్మం దగ్గర జగిత్యాల అబ్బి, బాబా పక్కన నేను. డబ్బా తెప్పించి, మందు వేళ్ళ మధ్య నలిపి చూసి, ఇందులో రెండు రకాలు కలిశాయన్నాడు బాబా. చిన్నాయన వెంటనే గుమ్మం వైపు చెయ్యి చూపించాడు, గది ఊడ్చేది వాడేనని. బాబా నా వైపు తిరిగి, "ఆ గదిలో ఏం చేశాడో అడుగు సాయిగ్" అన్నాడు. అడిగాను. భయానికి అబ్బికి వచ్చిన నాలుగు హిందీ ముక్కలూ ఎగిరిపోయాయి.

"మందు వోసిన అన్నా. నువ్వు చెప్పినవ్ గద. గంతే. బల్ల ముట్టలే, నా పిల్లల మీద ఒట్టు."

"వాట్ హి సే?" అన్నాడు బాబా.

"హి పుట్ పౌడర్, బాబా" అన్నాను.

అబద్ధం ఒక్క అక్షరం లేదు. మందు పోశానన్నాడు, పౌడర్ పోశానన్నాడని చెప్పాను. ఏ పౌడరని బాబా అడుగుతాడు, అడిగితే చీమలదని చెబుదాం అనుకున్నాను. ఆయన అడగలేదు. చిన్నాయన అప్పటికే లేచి నిలబడి అరుస్తున్నాడు. బాబా డబ్బా మూత పెట్టేసి, "వీణ్ణి పంపించెయ్యండి, పోలీసులొద్దు" అన్నాడు. తర్వాత నా భుజం మీద చెయ్యేసి, "తప్పు నీ చేతిది కాదని నాకు ముందే తెలుసు" అన్నాడు. నేను తల వంచుకుని ఆ మెచ్చుకోలు పుచ్చుకున్నాను. మురికిలో చెయ్యిపెట్టినట్టు అనిపించింది, అయినా పుచ్చుకున్నాను.

డ్రైవర్ని కదా, ఎయిర్‌పోర్ట్‌కు తీసుకెళ్ళిందీ నేనే. మామిడిపండు జ్యూస్ కొనిచ్చాను, నా సిగ్గుకు తగ్గ ఖరీదు. అబ్బి తాగకుండా పట్టుకు కూర్చున్నాడు. తానేం తప్పు చేశాడో అతనికి అర్థం కాలేదు. చీమల మందు ఎగిరి ఆ డబ్బాలో పడి ఉంటుందని, తన వల్లే ఒక మనిషి వేలు విరిగిందని అనుకుంటున్నాడు. కాదని చెప్పాలి. నోరు తెరిచాను. "పాస్‌పోర్టు జేబులో ఉందా?" అన్నాను. దిగేటప్పుడు నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "నువ్వు సమ్జాయించకపోతే జైల్ల ఏస్తుండిరి అన్నా. నీ రుణం ఉంచుకోను" అన్నాడు.

ఉంచుకోలేదు. బాబా పోయి, నేను ఆ ఇల్లు విడిచి ఒక కంపెనీలో డ్యూటీకి చేరి చాలా కాలమైనా, ఏటా బతుకమ్మ పండక్కి అతని వాయిస్ మెసేజ్ వస్తుంది. పెళ్ళాంతో, పిల్లలతో ఒక్కొక్కరి చేత నమస్తే చెప్పిస్తాడు. "మా దుబాయ్ అన్న లేకుంటె నేను జైల్ల ఉంటుంటి అని ఊర్ల అందరికి చెప్త" అంటాడు, వాళ్ళ ఊళ్ళో ఏ అరబ్బు దేశమైనా దుబాయే. బదులుగా నేను రెండు చేతులు జోడించిన బొమ్మ పంపిస్తాను, అంతకన్నా రోత పని నా జీవితంలో లేదు. ఆ మధ్యాహ్నం మజ్లిస్‌లో "చీమల" అన్న ఒక్క మాట కలపడానికి ఎంతసేపు పట్టేది, రెప్పపాటు కూడా కాదు. తొమ్మిదేళ్ళయింది, ఆ రెప్పపాటు తీరిక నాకింకా దొరకలేదు.