మంచంకోడు మీద మూడు దెబ్బలు

నిన్న ఉదయం పదిన్నరకు ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చాను. నాలుగుసార్లు నోరు పుక్కిలించినా మత్తుమందు వాసన గొంతు వెనక అలాగే ఉంది. చిన్ననాటి మందు ఇంకా ఘాటు, మాగిపోయిన పండులా తీపి. అయినా గొంతు గుర్తుపట్టింది.

కేజీఎఫ్ బంగారు గనులు సర్కారువైన తరువాతి మాట. నాకు తొమ్మిదేళ్లు నిండి నాలుగు నెలలు. టాన్సిల్స్ తీయించి, ఒక మంగళవారం మధ్యాహ్నం నాన్న నన్ను దుప్పట్లో చుట్టి భుజాన వేసుకుని, గనిమట్టి దిబ్బల నుంచి లేచే తెల్లదుమ్ము తగలకుండా ముఖానికి తువ్వాలు అడ్డంపెట్టి, కార్మికుల లైన్లలోని మా రేకుల ఇంటికి తెచ్చాడు. అమ్మ రాగిగంజి కాచి, గిన్నెను చన్నీళ్లలో పెట్టి చల్లార్చింది. మాట్లాడించొద్దనీ, ఎంతసేపైనా నిద్రపోనివ్వమనీ డాక్టరమ్మ చెప్పి పంపింది.

నాన్న నిద్రపోనివ్వలేదు. గనిలో పేలుడుమందు పొగ తాకి కునికినవాడు మళ్లీ లేవడని ఆయనకు తెలుసు. బండ కూలినప్పుడు అవతల మనుషులున్నారేమోనని ఇవతలివాళ్లు రాతి మీద మూడు దెబ్బలు కొట్టేవారు. బతికుంటే తిరిగి మూడు వినబడేవి. పక్కింటి మామ కోసం ముందటేడు నాన్న అలాగే కొట్టాడు. జవాబు రాలేదు.

"నిద్దర పోవద్దమ్మా. నేను కొడతా, నువ్వు తిరిగి కొట్టు," అని మంచంకోడు మీద వేలి కణుపుతో మూడుసార్లు కొట్టాడు. నేనూ కొట్టాను. రెప్పలు మూతపడుతున్నా ఇరవై ఆరుసార్లు బదులిచ్చాను. ఇరవై ఏడోసారికి చెయ్యి లేవలేదు. నాన్న నా భుజం పట్టి కుదిపాడు.

"ఇది గని కాదు, ఇల్లు. పైన ఉండేది రేకులే," అంది అమ్మ. ఆయన చేతిని లాగి నా రొమ్ము మీద పెట్టింది. "చూడు, ఊపిరి ఆడతా ఉండాది. పండుకోనీ."

షిఫ్టు సైరను కూయడం నిద్రలోనే విన్నాను. మెలకువ వచ్చేసరికి దీపం వెలిగించి ఉంది, నాన్న చెయ్యి నా రొమ్ము మీదే ఉంది. ఒంట్లో బాగుండి కూడా నాన్న షిఫ్టుకు పోనిది, నేనెరిగి, ఆ ఒక్కపూటే.

ఇప్పుడు గనులు మూతపడ్డాయి, సైరను లేదు, అమ్మానాన్నలు లేరు. కోలారులో మనవరాలి ఇంట్లో, నిన్న మధ్యాహ్నం మగతలో నా వేళ్లు ఇనుప మంచం మీద మూడుసార్లు కొట్టాయి. మనవరాలు పరుగున వచ్చింది.

"ఏం కావల్ల అవ్వా, నీళ్లా?"

అవునన్నాను. తెచ్చిన గ్లాసెడు నీళ్లూ తాగాను. మళ్లీ కొట్టలేదు.